నల్లగొండ ఎండలో రెండు జతల టైర్లు: రోడ్డు రకం, ట్రాక్ రకం

"ఇక్కడి ఎండకు ట్రాక్ టైరు పొద్దంతా వేడిగనే ఉంటది, వార్మర్లు దేనికి? అదే వేసుకొని తిరగొచ్చు." నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు స్పోర్ట్స్ బైకులు నడిపేవాళ్లలో బాగా పాతుకుపోయిన మాట ఇది. వార్మర్లంటే రేసుకు ముందు టైరుకు చుట్టి వేడిచేసే కరెంటు దుప్పట్లు. ఇందులో నిజమెంతో కొలిచి తేల్చడానికే ఈ ప్రాజెక్టు. బండి కేటీఎం ఆర్‌సీ 390. ఒక జత రిమ్ములకు హై పెర్ఫార్మెన్స్ రోడ్డు టైర్లు, ఇంకో జతకు ట్రాక్ కోసం చేసిన, రోడ్డు అనుమతి కూడా ఉన్న టైర్లు. కింద రాసిందంతా పని సాగిన వరసలో ఉంది.

ఫిబ్రవరి: టైర్ల ఎంపిక

సైజు ముందు 110/70 ఆర్17, వెనక 150/60 ఆర్17 (వెడల్పు మి.మీ.లో, గోడ ఎత్తు అందులో ఎంత శాతమో, రిమ్ము వ్యాసం అంగుళాల్లో). అపాచీ ఆర్‌ఆర్ 310కీ ఇదే సైజు కాబట్టి ఈ లెక్కలు ఆ బండివాళ్లకూ పనికొస్తాయి.

దుకాణంలో అన్నిటినీ కలిపి "సాఫ్ట్ కాంపౌండ్" (మెత్తటి రబ్బరు) అనేస్తారు గానీ వీటిలో మూడు తెగలున్నాయి. పిరెల్లి డయాబ్లో రోసో వరస, మిషెలిన్ పవర్ 5 లాంటివి రోడ్డు టైర్లు. వీటిలో సిలికా ఎక్కువ, కాబట్టి చల్లగా ఉన్నా, తడిలోనైనా పట్టు ఇస్తాయి. సూపర్‌కోర్సా ఎస్‌పీ, పవర్ కప్ 2 లాంటివి ట్రాక్ వైపు మొగ్గినవి, అయినా రోడ్డు మీద నడపొచ్చు. సూపర్‌కోర్సా ఎస్‌సీ మూడో తెగ: ఎస్‌సీ1 మెత్తన, ఎస్‌సీ2 మధ్యరకం, ఎస్‌సీ3 గట్టిది. పైకి గాళ్లు కనిపించినా అది రేస్ టైరే, ఊళ్లో దానికి పనిలేదు. ఈ పోలిక మొదటి రెండు తెగల మధ్య. చిన్న బండ్ల సైజులో అన్ని మోడళ్లూ రావు, ముందు సైజు పట్టిక చూసుకొనే బేరానికి దిగాలి.

2020 జూన్‌లో కేంద్రంలోని విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ కొత్త టైర్ల దిగుమతిని "ఫ్రీ" నుంచి "రిస్ట్రిక్టెడ్" (లైసెన్సు ఉంటేనే) లోకి మార్చింది. అప్పటినుంచి ట్రాక్ టైర్లు దొరికినప్పుడే దొరకడం, దొరికినవాటిలో పాత సరుకు ఉండడం మామూలైంది. అందుకే సైడ్‌వాల్ మీది నాలుగంకెల తేదీ చదవందే డబ్బు ఇవ్వొద్దు: 1823 అంటే 2023లో 18వ వారం. రెండుమూడేళ్లు రేకుల గోదాములో పడున్న ట్రాక్ టైరు కన్నా నిన్నమొన్న తయారైన మామూలు రోడ్డు టైరే మేలు. ఐఎస్ఐ గుర్తు, లోడు అంకె కూడా చూసుకోవాలి. 54 అంటే 212 కిలోలు, 66 అంటే 300 కిలోలు.

వెనక 160/60 వేస్తే బాగుంటుందని చాలామందికి ఆశ. రిమ్ము వెడల్పు 4 అంగుళాలే. వెడల్పు టైరును ఇరుకు రిమ్ములో బిగిస్తే రెండు పక్కలా నొక్కుకుపోయి నడుమ కోసుగా లేస్తుంది, అంచు రబ్బరు నేలను సరిగా తాకదు. చుట్టుకొలత లెక్క కూడా ఉంది. 150/60 వ్యాసం సుమారు 612 మి.మీ., 160/60ది 624. అంటే బండి వెనక భాగం 6 మి.మీ. లేస్తుంది. 140/70 అయితే 628, అంటే 8 మి.మీ. పైకి. వంపులోకి బండి తొందరగా పడుతున్నట్టు అనిపించి "టైరు భలే ఉంది" అంటారు, నిజానికి మారింది టైరు గుణం కాదు, బండి వాలు. పోలిక పోలికలా ఉండాలంటే రెండు జతలూ ఒకే సైజులో ఉండాలి.

ఫిబ్రవరి చివర: రిమ్ములు, బిగింపు

రెండో జత రిమ్ములంటే రిమ్ములొక్కటే కాదు. డిస్కులు, ఏబీఎస్ రింగులు, వెనక కుష్ రబ్బర్లు, స్ప్రాకెట్, బేరింగులు అన్నీ రెండో సెట్టు కావాలి. స్ప్రాకెట్ పళ్ల లెక్క రెండింటికీ ఒకటే ఉండాలి, లేదంటే చైను టెన్షన్ ప్రతిసారీ మొదటినుంచి పెట్టుకోవాలి. ఏబీఎస్ రింగు, సెన్సరు మధ్య సందు మారితే మీటరులో లైటు వెలుగుతుంది. రింగు వంకర లేదని చక్రాన్ని తిప్పి చూశాకే బండికి ఎక్కించాలి.

పాత టైరు విప్పాక రిమ్ము పెదవి మీద మిగిలిన రబ్బరును తీగబ్రష్షుతో గీకకండి, అల్యూమినియం గీతలు పడి గాలి జారుతుంది. ప్లాస్టిక్ బద్ద, సబ్బునీళ్లు చాలు. వాల్వు కొత్తది వేయాలి. బీడుకు, అంటే రిమ్ములో కూర్చునే టైరు లోపలి అంచుకు, సబ్బు ద్రావణమో టైరు లూబ్రికెంటో రాయాలి. పంచరు షాపుల్లో చేతికందిన డీజిల్, గ్రీజు పూసే అలవాటుంది. అది రబ్బరును తింటుంది, పైగా బ్రేకు వేసినప్పుడు రిమ్ము మీద టైరు జారుతుంది. బిగించాక టైరుకూ రిమ్ముకూ కలిపి సుద్దగీత ఒకటి గీసి ఉంచితే, రైడు తర్వాత జారిందీ లేనిదీ ఒక్క చూపులో తేలుతుంది.

బీడు కూర్చునేటప్పుడు టప్పుమని రెండు చప్పుళ్లు వినబడాలి. వినబడలేదని కంప్రెసర్ పూర్తిగా వదిలేస్తే ప్రమాదం. కంపెనీ చెప్పిన పరిమితి దాకా వచ్చినా కూర్చోకపోతే గాలి తీసేసి, మళ్లీ సబ్బు రాసి మొదలుపెట్టాలి. "అన్నా, ఇంక ఎక్కువ కొట్టకు, తీసి మళ్ల పెడదాం" అని ముందే చెప్పి పక్కన నిలబడటం మంచిది. వాల్వు కోరు తీసి గాలి పెడితే ప్రవాహం ఎక్కువగా ఉండి తక్కువ ఒత్తిడికే కూర్చుంటుంది. ఆ తర్వాత బీడు పక్కనున్న సన్నటి గీత చుట్టూ రిమ్ముకు ఒకే దూరంలో ఉందేమో చూడాలి. ఒకచోట లోపలికి పోయి ఉంటే, బ్యాలెన్సు ఎంత చేసినా హ్యాండిలు వణుకుతుంది.

మార్చి: బరువు, ముద్ర

గాలి ఎంత పెట్టాలో తేల్చాలంటే ఏ చక్రం మీద ఎంత బరువుందో తెలియాలి. వడ్ల బస్తాలు తూచే కాంటా, 300 కిలోల ప్లాట్‌ఫారమ్‌ది, దీనికి సరిగ్గా సరిపోతుంది. ఒక చక్రం కాంటా మీద, రెండోది అంతే ఎత్తున్న చెక్క మీద పెట్టి, నడిపేవాళ్లు పూర్తి గేరుతో ఎక్కి కూర్చున్నాక అంకె చూడాలి. చెక్క ఎత్తు తగ్గితే బరువు ఒకవైపుకు ఒరిగి అంకె తప్పొస్తుంది.

ముందు చక్రం మీద 120 కిలోలు, గాలి 30 పీఎస్‌ఐ అనుకుందాం. 30 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 2.1 కిలోలు. భాగిస్తే నేలను తాకే జాగా సుమారు 57 చదరపు సెంటీమీటర్లు, అరచేతి కన్నా చిన్నది. గోడల బిగువు వల్ల అసలు జాగా దీనికి కొంచెం అటూఇటూ అవుతుంది.

రెండు టైర్ల ఆకారంలో తేడా కంటితో చూడాలంటే ముగ్గుపిండి చాలు. టైరు మీద పలుచగా చల్లి, నల్ల చార్టు మీద దించి ఎత్తితే ముద్ర పడుతుంది. నిలువుగా ఉన్నప్పుడు రోడ్డు టైరు ముద్ర వెడల్పుగా, గుండ్రంగా పడింది. ట్రాక్ టైరుది సన్నగా, పొడుగ్గా వచ్చింది, నడుమ కోసు కాబట్టి. బండిని పక్కకు వంచి పట్టుకొని దించినప్పుడు సంగతి తిరగబడింది: ట్రాక్ టైరు అంచున గాళ్లు దాదాపు లేవు, ముద్ర నిండుగా పడింది. హైవే మీద నిటారుగా పోయే బండికి ఈ ఆకారం వల్ల ఏమీ ఒరగదు. పైగా ఆ సన్నటి నడుమే మొత్తం బరువు మోసి తొందరగా చదునైపోతుంది.

ఏప్రిల్: గాలి లెక్క

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మాన్యువల్లో, స్వింగ్ ఆర్మ్ స్టిక్కరు మీద ఉండే అంకె చల్లటి టైరుకు. ఏప్రిల్‌లో నల్లగొండలో పొద్దున 26 డిగ్రీలుంటే మధ్యాహ్నం 42కు పోతుంది. పొద్దున 32 పీఎస్‌ఐ పెట్టిన టైరు, బండి కదలకుండా నీడలో ఉన్నా, మధ్యాహ్నానికి 34.5 చూపిస్తుంది. వాతావరణ ఒత్తిడి 14.7 కలిపి, కెల్విన్‌లో (డిగ్రీలకు 273 కలిపి) లెక్కేస్తే వచ్చేది ఇదే. ఇక ఎండలో 30 కిలోమీటర్లు నడిపి బంకులో ఆగి, "అబ్బో, ఎక్కువైంది" అని వదిలేస్తే తెల్లారేసరికి 27, 28కి పడిపోతుంది. మర్నాడు అదే టైరు గోడలు ఎక్కువగా మడతపడి ఇంకా వేడెక్కుతుంది. రోడ్డు టైరుకు వేడిమీద గాలి తీయొద్దు.

ట్రాక్ టైరుకు పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ గురి వేడి అంకె మీద. కంపెనీ పట్టికలో వేడిమీద ముందుకు 33 ఉందనుకుందాం. లోపలి గాలి 70 డిగ్రీలకు చేరుతుందనుకుంటే, 35 డిగ్రీల వాతావరణంలో చల్లగా 28 పెట్టాలి. తెల్లవారుజామున 26 డిగ్రీల్లో పెడుతుంటే 27 చాలు. ఈ ఒక్క పీఎస్‌ఐ తేడా రోడ్డు మీద ఎవరికీ తెలియదు, ట్రాక్ మీద మాత్రం రబ్బరు చిరిగే తీరే మారిపోతుంది.

మీటరు ఒక్కటే వాడాలి, ఊరంతా మార్చొద్దు. పెన్ను ఆకారపు మీటర్లు రెండు మూడు పీఎస్‌ఐ అటూఇటూ చూపడం మామూలే. కంప్రెసర్ ట్యాంకు అడుగున నీళ్లు చేరి ఉంటాయి, ముందు అవి వదలాలి. తడి గాలి వేడికి పొడి గాలి కన్నా ఎక్కువ ఉబ్బుతుంది, లెక్క తప్పుతుంది. నైట్రోజన్‌తో వచ్చే లాభం ప్రధానంగా అది పొడిగా ఉండటమే, అంతకుమించి దాని మహిమ ఏమీ లేదు.

మే: ఎండ వేడి, పని వేడి

మొదటి మాటను తేల్చిన నెల ఇది. కొలవడానికి రెండు సాధనాలు: తాకకుండా వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ గన్, రబ్బరులో గుచ్చి లోపలి వేడి చూసే సూదిమొన కే-టైప్ ప్రోబ్. గన్ను పైపొర వేడి మాత్రమే చెబుతుంది. 12:1 నిష్పత్తి గన్ను 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 2.5 సెంటీమీటర్ల వృత్తాన్ని కలిపి చదువుతుంది. అంచు కొలుస్తున్నామనుకుంటూ పక్కనున్న రిమ్మును కూడా చదివే ప్రమాదముంది, మెరిసే లోహం మీద అంకె తప్పే వస్తుంది. ప్రోబును రబ్బరులోకి 2, 3 మి.మీ. ఏటవాలుగా గుచ్చాలి. అంతకన్నా లోతుకు పోతే టైరు అల్లికను, అంటే రబ్బరు కింది దారాల పొరను, తాకుతుంది. బండి ఆగిన నిమిషంలోపు అంచు, అంచుకూ నడుమకూ మధ్య, నడుమ అనే వరసలో చదివి రాసుకోవాలి, ఆలస్యమైతే మూడూ ఒకటైపోతాయి.

ఎండలో నిలిపిన బండి టైరును గన్నుతో చూస్తే పైపొర యాభై డిగ్రీలు దాటేసి కనిపిస్తుంది. ఇక్కడే జనం మోసపోయేది. ఎండ పడిన వైపు వేడి, నీడవైపు చల్లన, చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి ఆ పైవేడిలో చాలాభాగం పోతుంది. టైరుకు కావాల్సింది గోడలు, అల్లిక మళ్లీమళ్లీ మడతపడి లోపలినుంచి పుట్టే వేడి. నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా హైవే మీద ఒకే వేగంతో పోతే, పనిచేసేది నడిమి పట్టీ ఒక్కటే. ప్రోబు పెట్టి చూస్తే నడుమకూ అంచుకూ పది డిగ్రీలకు పైనే తేడా వచ్చింది. అంచు రబ్బరు గాలికి చల్లబడుతూ వస్తుంది, మొదటి మలుపులో బండి వంగినప్పుడు నేలను తాకేది ఆ చల్లటి అంచే. మన్ననూరు దాటి నల్లమల ఘాటులో మలుపులు మొదలయ్యేచోట ఇదే పరిస్థితి. సిలికా ఎక్కువున్న రోడ్డు టైరు అంచు ఆ వేడిలో హాయిగా పట్టు ఇస్తుంది. ట్రాక్ రబ్బరుకు ఇంకా నిద్ర వదలదు. రేసుల్లో వార్మర్లు 80 డిగ్రీల దగ్గర, అదీ గంట పాటు పెట్టేది రబ్బరుతో పాటు అల్లిక, రిమ్ము కూడా వేడెక్కాలనే.

ట్రాక్ టైరును రోజూ వాడితే ఇంకో నష్టం ఉంది. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రబ్బరు కొంచెం బిగుస్తుంది. కూరగాయలకు పోయొచ్చినా ఒక చుట్టు లెక్కే. ట్రాక్ మీద వాడుకోవాల్సిన ఆయుష్షంతా క్లాక్ టవర్ చుట్టూ తిరగడానికే ఖర్చవుతుంది.

జూన్ మొదట్లో, వానకు ముందు: బ్రేకు, గుండ్రం

బ్రేకు పరీక్షకు హైవే వాడకూడదు, చెప్పక్కర్లేదు. ఇళ్లు ఇంకా లేని వెంచర్లలో 40 అడుగుల బీటీ రోడ్లు ఖాళీగా ఉంటాయి. యజమాని అనుమతితో, రెండు చివరలా మనిషిని నిలబెట్టి చేయొచ్చు. ఫోన్లోని జీపీఎస్ సెకనుకు ఒక్కసారే చదువుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 16.7 మీటర్లు పోతాం, అంటే బ్రేకు దూరమంతా ఒకటి రెండు చుక్కల్లోనే మాయమవుతుంది. కనీసం 10 హెర్ట్జ్ లాగరు, అంటే సెకనుకు పదిసార్లు చదివి రాసుకునే జీపీఎస్, కావాలి, అప్పుడు చుక్కకు 1.7 మీటర్లు.

ఫలితం చాలామందికి రుచించదు: పొడి రోడ్డు మీద నిటారు బ్రేకులో రెండు జతలకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కారణం టైరు కాదు. ఈ బండి వీల్‌బేస్ 1340 మి.మీ. చుట్టూ ఉంటుంది, మనిషితో కలిపిన బరువు కేంద్రం దాదాపు అందులో సగమంత ఎత్తులో ఉంటుంది. బ్రేకు బలం 1 జీ (భూమి లాగే బలమంత) దరిదాపుల్లోనే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. టైరు పట్టు అయిపోకముందే బండి తిరగబడే హద్దు వస్తుంది. కాబట్టి "బ్రేకు బాగా పడుతుందని" ట్రాక్ టైరు కొనడం దండగ.

తేడా కనిపించేది గుండ్రంలో. వడ్లు ఆరబోసే రైసుమిల్లు సిమెంటు యార్డులో, సీజన్ లేనప్పుడు, 15 మీటర్ల వ్యాసార్థంతో సున్నం గీత గీసి దాని వెంట తిరగాలి. ముందు ఊక, దుమ్ము, గింజలు మొత్తం ఊడ్చి, నీళ్లు కొట్టి ఆరనివ్వాలి. గీత కూడా తడిగా ఉంటే జారుతుంది, దాని లోపలి పక్కన నడపాలి. పూర్తి లెదర్ సూటు, వేగం 40 లోపు. చుట్టుకు 9 సెకన్లయితే పక్క పట్టు 0.75 జీ, 8.8 అయితే 0.78. స్టాప్‌వాచ్ నొక్కడంలోనే 0.2 సెకన్ల తేడా వస్తుంది కాబట్టి ఒక్కో చుట్టు కొలిస్తే ఏమీ తేలదు, ఐదు చుట్లు ఆపకుండా కొలిచి భాగించాలి. ఎడమకు, కుడికి విడివిడిగా. సిమెంటు మీద వచ్చిన అంకెలను తారు రోడ్డుకు అన్వయించొద్దు, అవి రెండు జతల మధ్య పోలికకు మాత్రమే.

రోడ్డు జత మొదటి ఐదు చుట్లలోనే తన మంచి సమయానికి దగ్గరగా వచ్చి, ఆ తర్వాత అక్కడే నిలబడింది. ట్రాక్ జత మొదట వెనకబడి, పోనుపోను మెరుగై చివరకు దాటింది. ఆపి, టీ తాగి వచ్చేసరికి మళ్లీ మొదటికి. ఊళ్లో బండి నడిపే తీరు ఎప్పుడూ ఆ టీ తాగొచ్చిన మొదటి చుట్టే.

ఆగస్టు: వాన

దీనికి పెద్ద రాత అక్కర్లేదు. గాళ్లు తక్కువున్న టైరు నీళ్లను తోసిపారేయలేదు, చల్లటి నీళ్లు అంచును వేడెక్కనీయవు. నల్లరేగడి పొలాల నుంచి కేజ్‌వీల్ ట్రాక్టర్లు ఎక్కినచోట తారు మీద జిగురుమట్టి పొర ఉంటుంది, దాని మీద ఏ టైరూ ఆగదు. కోతలప్పుడు రోడ్డు వారన ఆరబోసిన వడ్లూ అంతే, గింజలు గోళీల్లా దొర్లుతాయి. ఇంకొకటి: మెత్తటి రబ్బరు కంకరనూ ముల్లునూ తొందరగా పట్టుకుంటుంది. సర్కారు తుమ్మ ముల్లు రోడ్డు టైరులో విరిగి ఆగేచోట ట్రాక్ టైరులో లోపలిదాకా దిగింది. తాడు పంచరు వేసిన టైరును ట్రాక్ మీదికి తీసుకెళ్లకూడదు.

అక్టోబరు: ట్రాక్

ట్రాక్ కోసం ఎంచుకున్నది చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పట్టుకొని పోతే ఐదు వందల కిలోమీటర్ల పైనే. ట్రాక్ జత మీద నడుపుకుంటూ పోతే నడుమ అక్కడికి చేరేలోపే చదునవుతుంది. బండిని పికప్‌లో వేసుకోవాలి, లేదా రోడ్డు జతతో పోయి, రెండో జతను వెనక వచ్చే కారులో తెప్పించుకోవాలి.

ప్రతి సెషన్ తర్వాత మొదట చూడాల్సింది గాలి, తర్వాత రబ్బరు చిరుగు. లోతుగా, అంచులు పదునుగా, పెళ్లలు లేచినట్టు చిరిగితే అది చల్లటి చిరుగు: గాలి ఎక్కువై టైరు మడతపడక లోపల వేడి పుట్టలేదు. అర పీఎస్‌ఐ చొప్పున తగ్గించాలి. సన్నగా, చిన్నచిన్న మడతలుగా, నీలి మెరుపుతో ఉంటే వేడి చిరుగు: గాలి తక్కువై అతిగా వేడెక్కింది, పెంచాలి. రెండూ కాక, గాళ్ల ఒకవైపు అంచు మాత్రమే మెట్టులా అరిగితే గాలిని ముట్టుకోవద్దు, సస్పెన్షన్ రీబౌండు (నొక్కుకున్న స్ప్రింగు తిరిగి లేచే వేగం) చూసుకోవాలి. సర్క్యూట్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది కాబట్టి కుడి అంచు ముందు అరుగుతుంది, రెండు వైపులా విడిగా కొలవాలి.

కొత్తగా ట్రాక్‌కు వచ్చేవాళ్లకు రోడ్డు జతే సరిపోయింది. సెషన్ చివర్లో అది వేడెక్కి జిడ్డు జిడ్డుగా జారడం మొదలుపెడుతుంది, కానీ ముందుగా చెప్పి, మెల్లగా జారుతుంది. ట్రాక్ జత చాలాసేపు ఏమీ చెప్పదు. దాని హద్దు దాకా పోగలిగేవాళ్లకు అది వరమే. అక్కడిదాకా పోనివాళ్లు టైరు వేడెక్కించలేక, చల్లటి చిరుగుతోనే డబ్బు అరగదీస్తారు.

నవంబరు: ఇప్పుడున్న స్థితి

లోతు కొలిచేటప్పుడు చట్టం హద్దు గుర్తుంచుకోవాలి: ద్విచక్ర వాహనాలకు 0.8 మి.మీ. ట్రాక్ టైరు అంచున గాళ్లే ఉండవు కాబట్టి అక్కడ గేజీ పనిచేయదు, టైరులో ఇచ్చిన చిన్న గుంటల లోతు చూడాలి.

రోడ్డు జత బండి మీదే ఉంటుంది. ట్రాక్ జతను రేకుల షెడ్డులో పెట్టలేదు. మే నెలలో ఆ వేడికి నూనెలు ఆవిరై రబ్బరు బిగుస్తుంది. వెల్డింగు మిషను, నీళ్ల మోటరు ఉన్నచోటా వద్దు, అక్కడ పుట్టే ఓజోను సైడ్‌వాల్‌ను పగలగొడుతుంది. శ్లాబు గదిలో, సగం గాలితో, నల్ల కవరు చుట్టి, నేలకు ఆనకుండా ఇనుప కడ్డీకి వేలాడదీసి ఉంది. రబ్బరు గట్టిదనం కొలిచే డ్యూరోమీటరుతో ఆ జత వెనక టైరు షోర్ ఏ అంకె ఇప్పుడే తీసి రాసుకున్నాం, 25 డిగ్రీల గదిలో. వేడి మారితే ఆ అంకె కూడా మారుతుంది కాబట్టి జనవరిలో మళ్లీ అదే వేడిలో, అదే చోట చూడాలి. అప్పటికి ఐదు పాయింట్లు పెరిగి ఉంటే ఆ వెనక టైరు సాధనకే పోతుంది, సమయం కొలిచే సెషన్లకు కొత్తది వస్తుంది.